వికాశ్ ధొరసూ: మారిషస్ తెలుగు మూలాల ఫ్రెంచ్ మిడ్‌ఫీల్డర్

వికాశ్ రావు ధొరసూ ఫ్రాన్స్‌కు చెందిన మాజీ వృత్తి ఫుట్‌బాల్ ఆటగాడు. 1993లో లె హావ్ర్ క్లబ్బుతో మొదలుపెట్టి లియాన్, బోర్డో, ఏసీ మిలాన్, పారిస్ సెయింట్ జెర్మైన్ క్లబ్బులకు మిడ్‌ఫీల్డర్‌గా ఆడాడు. ఫ్రాన్స్ జాతీయ జట్టు తరఫున 18 మ్యాచ్‌లు ఆడి ఒక గోల్ చేశాడు. 2006 ప్రపంచ కప్పు ఫైనల్ దాకా వెళ్లిన ఫ్రాన్స్ బృందంలో సభ్యుడు. అతని తల్లిదండ్రులు మారిషస్ నుంచి ఫ్రాన్స్‌కు వెళ్లి స్థిరపడినవారు. ఆ కుటుంబపు మూలాలు తెలుగునేలవి. అతని పేరులో ‘రావు’ ఇప్పటికీ నిలిచి ఉంది.

ఓడలెక్కిన తెలుగువారు

మారిషస్ హిందూ మహాసముద్రంలో ఆఫ్రికా తీరానికి దూరంగా ఉన్న చిన్న దీవి. బ్రిటిష్ పాలనలో 1830ల మధ్యలో అక్కడ బానిసత్వం రద్దయింది. చెరకు తోటల యజమానులకు పనివాళ్లు కరవయ్యారు. ఆ లోటు పూడ్చడానికి భారతదేశం నుంచి కూలీలను ఒప్పందాల మీద తీసుకెళ్లడం మొదలైంది. 1834 నుంచి ఇరవయ్యో శతాబ్దం తొలి దశకాల వరకు సుమారు నాలుగున్నర లక్షల మంది ఆ దీవిలో దిగారు.

వారిలో తెలుగువారు అధికంగా సర్కారు జిల్లాల నుంచి, అంటే గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుంచి వెళ్లారు. నేటి శ్రీకాకుళం ప్రాంతం అప్పుడు గంజాం జిల్లాలో, విజయనగరం ప్రాంతం విశాఖపట్నం జిల్లాలో ఉండేవి. వానలు తప్పిన ఏడాది పొలం పండదు, కూలి దొరకదు, అప్పు తీరదు. ఆ మూడూ కలిసి మనిషిని రేవు దాకా నడిపించేవి. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి 1843లో తెలుగు కూలీలతో బయలుదేరిన ఓడ పేరు ‘కోరింగీ పాకెట్’. ఆ రేవు పేరు మీదే మారిషస్‌లో తెలుగువారిని చాలాకాలం ‘కోరింగీలు’ అని పిలిచారు.

ఒప్పందం సాధారణంగా ఐదేళ్లకు. మగవారికి నెలకు ఐదు రూపాయల జీతం, దానికి తోడు బియ్యం, పప్పు వంటి తిండి సరుకులు. ఒక్కరోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసే పద్ధతి ఉండేది. గడువు తీరినవారు సైతం దీవిలో తిరగాలంటే చేతిలో అనుమతి కాగితం ఉండాల్సిందే. గుమస్తాలు తమ చెవికి వినిపించినట్టు పేర్లు రాసుకోవడంతో తెలుగు ఇంటిపేర్ల రూపాలు మారిపోయాయి. మారిషస్‌లో పుట్టిన ప్రసిద్ధ ఫ్రెంచ్ నవలాకారిణి నతాషా అప్పన్న కుటుంబం పేరు ‘పాతరెడ్డి అప్పన్న’. ఆ పేరు చదివితే ఉత్తరాంధ్ర పాఠకుడికి సింహాచలం గుర్తుకు రాక తప్పదు. మారిషస్ తెలుగువారు నేటికీ సింహాద్రి అప్పన్నను కొలుస్తారు, అమ్మోరి పండుగ చేస్తారు, రామభజనలు పాడతారు. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు దినం. మూడో ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో ఆ దీవిలోనే జరిగాయి.

మారిషస్‌కు ఫుట్‌బాల్ అంటే ప్రాణం. అయితే అక్కడ పెద్ద క్లబ్బులు చాలాకాలం జాతుల వారీగా, మతాల వారీగా నడిచాయి. హిందూ క్యాడెట్స్, ముస్లిం స్కౌట్స్, తమిళ్ క్యాడెట్స్ వంటి పేర్లే ఆ సంగతి చెబుతాయి. దేశ జట్టు 1974లో ఆఫ్రికా కప్పు తుదిపోటీలకు అర్హత సాధించింది. మళ్లీ ఆ స్థాయికి చేరలేకపోయింది. 1968లో స్వాతంత్ర్యం వచ్చిన ఆ కాలంలోనే చాలా కుటుంబాలు పని వెతుక్కుంటూ ఐరోపాకు రెండో వలస కట్టాయి. ఆంధ్ర తీరం నుంచి దీవికి, దీవి నుంచి ఫ్రాన్స్‌కు సాగిన ఈ ప్రయాణంలో ధొరసూ కుటుంబం కూడా ఉంది.

రేవు పట్టణంలో బాల్యం

ధొరసూ 1973 అక్టోబరు 10న ఫ్రాన్స్ ఉత్తర తీరంలోని ఆర్‌ఫ్లర్‌లో పుట్టాడు. ఆ పక్కనే ఉన్న లె హావ్ర్ పెద్ద ఓడరేవు. పట్టణం ఎగువన కోక్రియోవిల్ అనే పేట ఉంది. కార్మిక కుటుంబాలు, వలస వచ్చినవారు ఎక్కువగా ఉండే అపార్ట్‌మెంట్ల పేట అది. ధొరసూ పెరిగిందీ, మొదట బంతి తన్నిందీ అక్కడే. ఆ పేట జట్టు నుంచి లె హావ్ర్ అథ్లెటిక్ క్లబ్బుకు చేరాడు.

1872లో పుట్టిన లె హావ్ర్‌కు ఫ్రాన్స్ ఫుట్‌బాల్‌లో అతి పాత క్లబ్బుగా పేరుంది. డబ్బున్న క్లబ్బు కాదు, కప్పులు పేర్చుకున్న క్లబ్బూ కాదు. కుర్రవాళ్లను తీర్చిదిద్దడంలో మాత్రం దానికి గట్టి పేరుంది. తర్వాతి తరంలో పాల్ పోగ్బా, రియాద్ మాహ్రెజ్ వంటివారు అక్కడి మెట్లెక్కినవారే. ధొరసూ 1993లో ఆ క్లబ్బు పెద్దల జట్టులోకి వచ్చాడు. లె హావ్ర్ అప్పుడు ఫ్రాన్స్ మొదటి డివిజన్‌లో ఆడుతోంది. ఐదేళ్లు అక్కడే ఆడి జట్టుకు నడుం కట్టులా నిలిచాడు. ఫ్రాన్స్ అండర్-21 జట్టులోనూ చోటు దొరికింది. ఆ జట్టు కోచ్ రేమండ్ డొమెనెక్. ఆ పరిచయం పదేళ్ల తర్వాత అతని జీవితంలో పెద్ద మలుపుకు కారణమవుతుంది.

మధ్యలో ఆడేవాడి పని

ఫుట్‌బాల్‌లో పదకొండు మందిలో ఒకరు గోల్‌కీపర్. వెనక వరుసలో ఉండేవారు డిఫెండర్లు, ముందుండి గోల్ కొట్టేవారు ఫార్వర్డ్‌లు. ఈ రెండు వరుసల నడుమ ఆడేవాడే మిడ్‌ఫీల్డర్. వెనకనుంచి బంతి అందుకుని ముందుకు చేర్చడం, అవతలివాళ్ల చేతికి చిక్కకుండా దాన్ని కాపాడటం, ఆట వేగం పెంచడం, తగ్గించడం అతని పనులు. మన ఊళ్లలో వాలీబాల్ చూసేవారికి ఇది సులువుగా అర్థమవుతుంది. స్మాష్ కొట్టినవాడి పేరు ఊరంతా చెప్పుకుంటుంది. నెట్ దగ్గర బంతిని సరైన ఎత్తుకు లేపిన లిఫ్టర్ పని ఆట తెలిసినవాడి కంటికే ఆనుతుంది. మిడ్‌ఫీల్డర్ ఫుట్‌బాల్‌లో లిఫ్టర్ లాంటివాడు.

ధొరసూ ఎత్తు ఐదున్నర అడుగులే. ఒంటి బలంతో ఎదుటివాడిని నెట్టేసే ఆట అతనిది కాదు. బంతిని కాలికి అంటిపెట్టుకుని తిరగడం, ఇరుకులో ఒళ్లు తిప్పి బయటపడటం, చిన్న చిన్న పాస్‌లతో ఆటకు దారి తెరవడం అతని బలాలు. గోల్స్ తక్కువగా కొట్టాడు. గోల్‌కు రెండు మూడు పాస్‌ల ముందు అతని కాలు పడి ఉండేది. ఇలాంటి ఆటగాడికి కోచ్ నమ్మకం ఊపిరి లాంటిది. అతని చుట్టూ ఆట అల్లే కోచ్ దొరికితే జట్టంతా వెలుగుతుంది, దొరకకపోతే అతను బెంచీ మీద మిగులుతాడు. ధొరసూ ఈ రెండు స్థితులనూ చూశాడు.

లియాన్‌లో ఎదుగుదల

1998లో ధొరసూ లియాన్‌కు మారాడు. ఆ క్లబ్బు అప్పటికి ఒక్కసారి కూడా ఫ్రాన్స్ లీగ్ గెలవలేదు. అతను చేరిన తొలి రెండు సీజన్లలో మూడో స్థానం, 2001లో రెండో స్థానం దక్కాయి. 2001 మే నెలలో మొనాకోను 2-1తో ఓడించి లియాన్ లీగ్ కప్పు గెలుచుకుంది. ఈ ఎదుగుదల మధ్యలోనే, 1999 మార్చిలో, ఫ్రాన్స్ జాతీయ జట్టు నుంచి ధొరసూకు తొలి పిలుపు వచ్చింది. ఫ్రాన్స్ అప్పుడు ప్రపంచ విజేత. జిదాన్, దెషాం, వియెరా, పెటీ ఉన్న మధ్య వరుసలో కొత్తవాడు నిలదొక్కుకోవడం ఎవరికైనా కష్టమే. కొద్ది మ్యాచ్‌లతో ఆ తలుపు మూసుకుంది. మళ్లీ తెరుచుకోవడానికి ఐదేళ్లు పట్టింది.

2001-02 సీజన్‌కు లియాన్ అతన్ని బోర్డోకు అరువుగా పంపింది. ఫుట్‌బాల్‌లో ఇది మామూలే. ఆటగాడి ఒప్పందం ఒక క్లబ్బుతోనే ఉంటుంది, ఆట మాత్రం మరో క్లబ్బుకు. బోర్డోతో అతను లీగ్ కప్పు గెలిచాడు. సరిగ్గా అదే ఏడాది లియాన్ తన చరిత్రలో తొలి లీగ్ విజయం సాధించింది. మూడేళ్లు కలిసి కట్టిన ఇంటికి గృహప్రవేశం జరిగే రోజున అతను మరో ఊళ్లో ఉన్నాడు.

అయినా తిరిగి వచ్చి తన చోటు తాను సంపాదించుకున్నాడు. 2003లో, 2004లో లియాన్ వరుసగా లీగ్ గెలిచినప్పుడు ధొరసూ ఆ జట్టులో ఉన్నాడు. బ్రెజిల్ ఆటగాడు జునిన్యో, ఘనా ఆటగాడు మైకేల్ ఎసియెన్ అతని పక్కన ఆడినవారు. 2003-04లో లియాన్ తొలిసారి చాంపియన్స్ లీగ్ క్వార్టర్ ఫైనల్‌కు చేరి, ఆ ఏడాది విజేత పోర్టో చేతిలో ఓడింది. పాల్ లె గ్వెన్ కోచ్‌గా ఉన్న ఆ సీజన్ ధొరసూ ఆటజీవితంలో అత్యుత్తమమైన వాటిలో ఒకటి.

మిలాన్ బెంచీ

2004లో లియాన్‌తో ఒప్పందం ముగియగానే ఏసీ మిలాన్ అతన్ని తీసుకుంది. ఐరోపాలోనే అతి పెద్ద క్లబ్బులలో ఒకటి అది. కోచ్ కార్లో అంచెలొట్టి. మధ్య వరుసలో పిర్లో, గట్టూసో, సీడార్ఫ్, కాకా, రుయ్ కోస్టా ఉన్నారు. అటువంటి జట్టులో ధొరసూకు దొరికిన నిమిషాలు కొద్దివే. ఆ సీజన్ మొదట్లో మిలాన్ ఇటలీ సూపర్ కప్పు గెలిచింది, లీగ్‌లో రెండో స్థానంలో నిలిచింది.

2005 మే 25న ఇస్తాంబుల్‌లో లివర్‌పూల్‌తో చాంపియన్స్ లీగ్ ఫైనల్. సగం ఆట ముగిసేసరికి మిలాన్ 3-0 ఆధిక్యంలో ఉంది. రెండో సగంలో లివర్‌పూల్ ఆరు నిమిషాల్లో మూడు గోల్స్ కొట్టి సమం చేసి, చివరికి పెనాల్టీల్లో గెలిచింది. ఫుట్‌బాల్ అభిమానులు నేటికీ చెప్పుకునే ఆ రాత్రి ధొరసూ మిలాన్ ప్రత్యామ్నాయ ఆటగాళ్ల వరుసలో కూర్చుని ఉన్నాడు. మైదానంలోకి దిగే అవకాశం రాలేదు.

పారిస్‌లో వెలుగు

ఒక్క ఏడాదికే ఫ్రాన్స్‌కు తిరిగి వచ్చి పారిస్ సెయింట్ జెర్మైన్‌లో చేరాడు. 2006 ఏప్రిల్ 29న స్టాడ్ ద ఫ్రాన్స్‌లో ఫ్రాన్స్ కప్పు ఫైనల్ జరిగింది. ఎదురుగా ఉన్నది పారిస్‌కు బద్ధ ప్రత్యర్థి మార్సేయ్. ఆరో నిమిషంలో బోనవెంచర్ కాలూ గోల్ కొట్టాడు. రెండో సగం మొదలవగానే ధొరసూ దూరం నుంచి కొట్టిన బలమైన షాట్ వలలో పడింది. మార్సేయ్ ఒక గోల్ తిరిగి ఇచ్చినా పారిస్ 2-1తో కప్పు గెలిచింది. జీవితమంతా ఇతరుల గోల్స్‌కు దారి వేసినవాడు తన అతి ముఖ్యమైన గోల్‌ను ఫైనల్‌లో కొట్టాడు. పారిస్ అభిమానులు అతన్ని తలచుకున్నప్పుడు ముందుగా చెప్పేది ఆ షాట్ గురించే.

జాతీయ జట్టులోనూ గాలి మారింది. 2004లో డొమెనెక్ ఫ్రాన్స్ కోచ్ అయ్యాడు. ఆ ఏడాదే జిదాన్, తురామ్, మకెలెలె జాతీయ జట్టు నుంచి తప్పుకున్నారు. ఖాళీ అయిన మధ్య వరుసలోకి డొమెనెక్ తన పాత శిష్యుడిని పిలిచాడు. ప్రపంచ కప్పు అర్హత పోటీల్లో ధొరసూ తరచుగా ఆడాడు. 2005లో ఆ ముగ్గురూ తిరిగి వచ్చాక కూడా బృందంలో చోటు నిలుపుకున్నాడు. 2005 అక్టోబరు 12న సైప్రస్‌తో ఫ్రాన్స్ 4-0తో గెలిచిన చివరి అర్హత మ్యాచ్‌లో జాతీయ జట్టు తరఫున తన ఏకైక గోల్ కొట్టాడు. ఆ గెలుపుతోనే ఫ్రాన్స్‌కు జర్మనీ ప్రయాణం ఖాయమైంది.

2006 ప్రపంచ కప్పు, ఒక చిన్న కెమెరా

జర్మనీలో జిదాన్ చుట్టూ ఆట అల్లుకున్న జట్టులో ధొరసూకు మొదటి పదకొండు మందిలో చోటు దొరకలేదు. 2006 జూన్ 13న స్టుట్‌గార్ట్‌లో స్విట్జర్లాండ్‌తో 0-0గా ముగిసిన మ్యాచ్ చివర్లో మైదానంలోకి వచ్చాడు. జూన్ 18న లైప్‌జిగ్‌లో దక్షిణ కొరియాతో 1-1గా ముగిసిన మ్యాచ్‌లోనూ ఆఖరి క్షణాల్లోనే దిగాడు. రెండూ కలిపినా కొద్ది నిమిషాలే. ఆ తర్వాత అవకాశం రాలేదు. జులై 9న బెర్లిన్‌లో ఫైనల్ ఇటలీతో 1-1గా ముగిసి, పెనాల్టీల్లో ఫ్రాన్స్ 5-3తో ఓడింది.

ఈ ఎదురుచూపునే అతను పనిగా మార్చుకున్నాడు. గాయకుడు, దర్శకుడు అయిన మిత్రుడు ఫ్రెడ్ పూలే అతనికి ఒక సూపర్-8 కెమెరా ఇచ్చాడు. ధొరసూ హోటల్ గదిలో, కిటికీ దగ్గర, ఖాళీ నడవాల్లో తన రోజులను తానే చిత్రించుకున్నాడు. అదే 2007లో విడుదలైన ‘సబ్‌స్టిట్యూట్’ అనే డాక్యుమెంటరీ. గెలుపు సంబరాల చిత్రాలు ఫుట్‌బాల్‌లో కొల్లలు. బెంచీ మీద కూర్చున్నవాడి ఒంటరితనాన్ని అతని కళ్లతోనే చూపిన చిత్రం మాత్రం అరుదు. కొందరు కోచ్‌లకు, ఆటగాళ్లకు ఇది రుచించలేదు. జట్టు గెలుస్తున్నప్పుడు తన బాధ చెప్పుకోవడం స్వార్థమని విమర్శించారు. పెద్ద పోటీకి వెళ్లే ప్రతి బృందంలో ఆడనివారు కూడా ఉంటారనీ, వారి కష్టం కూడా ఆటలో భాగమేననీ ఆ చిత్రం గుర్తుచేసింది.

ఫైనల్ జరిగిన ఆ 2006 జులైలోనే మరో సంగతి జరిగింది. కూలీలు ఓడ దిగి మారిషస్ నేల మీద మొదటి అడుగు పెట్టిన ‘ఆప్రవాసీ ఘాట్’ను యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

ఒప్పందం తెగిన రోజు

ప్రపంచ కప్పు తర్వాత పారిస్‌లో కోచ్ గీ లాకోంబ్‌తో ధొరసూకు పొసగలేదు. తనను పక్కన పెట్టడం గురించి పత్రికలతో బహిరంగంగా మాట్లాడాడు. రిజర్వు జట్టుతో ఆడటానికి ఒప్పుకోలేదు. క్లబ్బు దీన్ని క్రమశిక్షణ తప్పడంగా చూసింది. 2006 అక్టోబరులో అతన్ని తొలగించింది.

ఈ తొలగింపు ఫ్రాన్స్‌లో పెద్ద చర్చ అయింది. దానికి ఒక చరిత్ర ఉంది. 1969కి ముందు ఫ్రాన్స్‌లో వృత్తి ఆటగాడు ముప్పై అయిదేళ్లు నిండేదాకా తన క్లబ్బుకే కట్టుబడి ఉండాల్సి వచ్చేది. ఆటగాళ్ల సంఘం పోరాడి ఆ పద్ధతిని మార్పించింది. 1973లో, అంటే ధొరసూ పుట్టిన ఏడాదే, ఆటగాళ్ల హక్కులనూ బాధ్యతలనూ నిర్ణయించే నిబంధనావళి అమల్లోకి వచ్చింది. ఆ నిబంధనావళి వచ్చాక ఇలా ఉద్యోగం నుంచి తొలగింపునకు గురైన తొలి ఆటగాడు ధొరసూ. ఐదేళ్ల కాగితం మీద వేలిముద్ర వేసి, ఒక రోజు నాగాకు రెండు రోజుల కూలి పోగొట్టుకున్న తరాల కథ తెలిసినవారికి ఇందులో ఒక పోలిక తడుతుంది. జీతం వందల రెట్లు పెరిగినా, పనిచేసేవాడికి నోరు విప్పే హక్కు ఎంతవరకు అన్న ప్రశ్న మాత్రం మారలేదు.

2007లో ఇటలీలోని లివోర్నో క్లబ్బుతో ఒప్పందం కుదిరింది. ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే అది ముగిసింది. 2008 మొదట్లో, ముప్పై నాలుగో ఏట, ధొరసూ ఆట నుంచి విరమించాడు.

ఆట తర్వాత

ఆట మానినా ఫుట్‌బాల్‌లో మనిషి విలువ గురించి మాట్లాడటం మానలేదు. స్వలింగ సంపర్కుల పట్ల మైదానాల్లో సాగే అవహేళనకు వ్యతిరేకంగా పనిచేసిన ‘పారిస్ ఫుట్ గే’ క్లబ్బుకు ఆడుతున్న రోజుల్లోనే అండగా నిలిచాడు. వృత్తి ఆటగాళ్లు ఈ విషయం ఎత్తడానికే జంకే కాలమది. 2011లో మిత్రులతో కలిసి ‘తతాన్’ అనే ఉద్యమం ప్రారంభించాడు. డబ్బు, గెలుపు మాత్రమే కాకుండా కలిసి ఆడే ఆనందం మిగిలే ఫుట్‌బాల్ కావాలన్నది దాని మాట. పోకర్ పోటీల్లో ఆడాడు, టీవీలో ఆటల విశ్లేషణ చేశాడు. 2017లో ఆత్మకథ వెలువరించాడు. 2020 పారిస్ నగరపాలక ఎన్నికల్లో వామపక్షం తరఫున, దానియెల్ సిమోనే నాయకత్వంలోని జాబితాలో పోటీ చేశాడు.

అతని ఆటజీవితంలో ముఖ్యమైన విజయాల లెక్క ఇదీ: లియాన్‌తో రెండు లీగ్ విజయాలు, లియాన్, బోర్డోలతో చెరో లీగ్ కప్పు, పారిస్‌తో ఫ్రాన్స్ కప్పు, జాతీయ జట్టుతో ప్రపంచ కప్పు రన్నరప్ పతకం. జిదాన్ తరంలో పుట్టిన మిడ్‌ఫీల్డర్‌కు జాతీయ జట్టులో 18 మ్యాచ్‌లు చిన్న సంఖ్య కాదు. అతన్ని బెంచీ మీద కూర్చున్నవాడిగా మాత్రమే గుర్తుపెట్టుకోవడం అన్యాయం. పదమూడేళ్లపాటు మంచి జట్ల మధ్య వరుసలో బంతిని నడిపినవాడతను.

భారత జట్టు 1950 ప్రపంచ కప్పుకు అవకాశం వచ్చినా వెళ్లలేదు. ఆ తర్వాత ఇంతవరకు తుదిపోటీలకు అర్హత సాధించలేదు. తెలుగు మూలాలున్న ఒక ఆటగాడు మాత్రం 2006 జూన్ 13న స్టుట్‌గార్ట్‌లో, ఫ్రాన్స్ జెర్సీ తొడుక్కుని, ప్రపంచ కప్పు మైదానంలో అడుగుపెట్టాడు.